ముందు కుర్చీ, తర్వాత మాట: సంఘ నాయకుల మధ్య ఫీడ్‌బ్యాక్, ఎడిన్‌బరో 1910 కేసు

1910 జూన్ 14 నుంచి 23 దాకా స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. ప్రతినిధులు దాదాపు 1,200 మంది. అందులో ఆసియా వాళ్లు ఇరవై మంది కూడా లేరు. ఆ కొద్దిమందిలో ఒకరు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తిరునెల్వేలి ప్రాంతపు పల్లె పాస్టరు గారి కొడుకు. ఏళ్ల తరబడి వైఎంసీఏ (క్రైస్తవ యువకుల సంఘం) కార్యదర్శిగా చేసి, 1909లో గురుపట్టా తీసుకుని, నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కు వచ్చి తెలుగువాళ్ల మధ్య పనిచేస్తున్న తమిళుడు. అప్పటికి వయసు 35. ఒక సాయంత్రం సభలో ఆయనకిచ్చిన అంశం, విదేశీ మిషనరీలకూ దేశీయ పనివాళ్లకూ మధ్య సహకారం. ఆయన చెప్పింది క్లుప్తంగా ఇది: మీకూ మాకూ మధ్య ఎడం ఉంది, మనసు విప్పి మాట్లాడుకోవడం లేదు, మీరు మాకు దొరల్లా ఉన్నారు, అన్నదమ్ముల్లా లేరు.

హాల్లో కూర్చున్నవాళ్లు మామూలు శ్రోతలు కారు. ఇండియాలో పాస్టర్ల జీతాలు, బదిలీలు, పాఠశాలలు, ఆసుపత్రులు, స్థలాలు ఎవరి చేతుల్లో ఉన్నాయో ఆ మిషన్ సంస్థల పెద్దలు. కొందరికి కోపం వచ్చింది. కొందరు ఇదే నిజమన్నారు. ఆ ప్రసంగం మహాసభ అధికారిక నివేదికలో అచ్చయింది. రెండేళ్లకు, 1912 డిసెంబరు 29న, కలకత్తా సెయింట్ పాల్ కతీడ్రల్‌లో అజరయ్య దోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో (ఇంగ్లండు సంఘపు శాఖలో) మొదటి భారతీయ బిషప్పు ఆయనే.

పైవాళ్లకు కింది నుంచి ఫీడ్‌బ్యాక్ ఎలా వెళ్తుంది, ఎక్కడ తగులుతుంది, దేనివల్ల నిలబడుతుంది అని పాస్టర్లకూ సంఘ పెద్దలకూ నేర్పడానికి ఇంతకన్నా మంచి కేసు దొరకదు. కాకపోతే దీన్ని "ధైర్యంగా నిలబడి చెప్పాడు" అనే సాక్ష్యంలా చెప్పుకుంటూ పోతే ఉపయోగం లేదు. ధైర్యం ఉన్నవాళ్లు మన సంఘాల్లో చాలామందే ఉన్నారు. వాళ్లు మాట్లాడిన మర్నాడే సంఘం రెండుగా చీలిన సందర్భాలూ ఉన్నాయి. చూడాల్సింది ఆయన మాట కట్టిన తీరు, ఆ మాటకు వెనక ఉన్న ఏర్పాటు.

ఆ ప్రసంగంలో ఏముంది

ముందుగా, ఆయన "మీలో ప్రేమ లేదు" అని ఊరుకోలేదు. కంటికి కనిపించే పనులు చెప్పారు. మా ఇంటికి తిరిగి రావడం, చెయ్యి కలపడం, కుర్చీ వేయడం, భోజనానికి పిలవడం, టీ ఇవ్వడం. వెంటనే ఇంకో మాట కూడా అన్నారు: ఇవి ఇవిగా నాకు అక్కర్లేదు, మీరు మా మధ్య ఉన్నది యజమానులుగా కాదు, సహోదరులుగా అని తెలిపే గుర్తులైతే ఇవన్నీ కావాలి, ఇంకా కావాలి. ఫీడ్‌బ్యాక్‌లో చాలామంది తప్పేది ఇక్కడే. కొందరు గుర్తుల దగ్గరే ఆగుతారు: "అయ్యగారు మా వీధికి రారు." అప్పుడు అయ్యగారు ఒకసారి వచ్చి టీ తాగి వెళ్తారు, లెక్క సరిపోయింది. ఇంకొందరు భావం దగ్గరే ఉంటారు: "అయ్యగారికి మా మీద ప్రేమ లేదు." దానికి జవాబుగా ఏం చేయాలో పాపం ఆయనకూ తెలియదు. కనిపించే పని ఒకటి, అది ఎదుటివాళ్లకు ఏమని అర్థమవుతోందన్నది ఒకటి. రెండూ ఒక్క వాక్యంలో ఉంటేనే వినేవాడికి పట్టు దొరుకుతుంది.

రెండోది, మెప్పు పెట్టిన చోటు. సాధారణంగా మొదట పొగిడి, మధ్యలో అసలు సంగతి చెప్పి, చివర మళ్లీ పొగడమని నేర్పుతారు. తెలుగువాళ్ల దగ్గర ఇది నడవదు. "వాక్యం చాలా బాగుంది పాస్టర్ గారూ" అనగానే ఆయన "కానీ" కోసం ఎదురుచూస్తుంటాడు, లేదంటే ఆ మొదటి ముక్కే విని సంతోషంగా ఇంటికెళ్తాడు. అజరయ్య మెప్పును చివర పెట్టారు, అదీ మాటను మెత్తబరచడానికి కాదు. మిషనరీల త్యాగాన్ని భారతీయ సంఘం తరతరాలు కృతజ్ఞతతో చెప్పుకుంటుందని అని, 1 కొరింథీ 13:3 అందుకున్నారు. మీ ఆస్తి బీదలకు పెట్టారు, మీ శరీరాల్ని కాల్చడానికి అప్పగించారు, మేము ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితుల్ని ఇవ్వండి. ఆ వచనం ఎలా ముగుస్తుందో, ప్రేమ లేకపోతే ప్రయోజనమేమిటో, హాల్లో ప్రతి ఒక్కరికీ కంఠతా వచ్చు. ఆయన చదవాల్సిన పని లేకపోయింది. ఇక్కడ మెప్పు అడిగినదాన్ని తగ్గించలేదు, పెంచింది.

మూడోది జనం పెద్దగా గమనించనిది. దోర్నకల్ పనిని పోషిస్తున్నది తిరునెల్వేలి విశ్వాసులు 1903లో పెట్టుకున్న ఇండియన్ మిషనరీ సొసైటీ. అంటే ఆయన మాట్లాడినందుకు దోర్నకల్ పని ఆగిపోదు. పైగా ఆయన మీది అధికారి, మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్, ఆయన పక్షాన ఉన్నవాడు. మాట్లాడిన మర్నాడు ఎక్కడ నిలబడాలో ఆయనకు తెలుసు. మన సహాయ పాస్టరుకు అది తెలియదు. జీతం, అద్దె, పిల్లల ఫీజు అన్నీ ఒకే చేతిలో ఉన్నప్పుడు "బాబూ, నా గురించి నిజం చెప్పు" అని ఆ చెయ్యే అడిగితే వచ్చేది నిజం కాదు. "దీవెనకరంగా ఉంది అయ్యగారూ" వస్తుంది.

అందరి ముందా, విడిగానా

అజరయ్య అందరి ముందు చెప్పారు కదా, మత్తయి 18:15 మాటేమిటి, నీవూ అతడూ ఒంటరిగా ఉన్నప్పుడు గద్దించమని కదా అని ప్రతి తరగతిలోనూ ఎవరో ఒకరు అడుగుతారు. అడగాల్సిందే. మత్తయి 18 ఒక సహోదరుడు చేసిన తప్పిదం గురించి. ఎడిన్‌బరోలో విషయం ఒక మనిషి తప్పు కాదు, ఒక వర్గం అలవాటు. ఆయన ఒక్క పేరూ ఎత్తలేదు, ఆ అంశం మీద మాట్లాడమని పిలిచింది సభవాళ్లే, మార్చగలిగినవాళ్లు ఆ హాల్లోనే ఉన్నారు. అంతియొకయలో పౌలు పేతురును అందరి ఎదుట నిలదీయడం (గలతీ 2:11–14) కూడా ఇలాంటిదే. పేతురు అన్యుల (యూదులు కానివాళ్ల) బంతి నుంచి లేచిపోయింది అందరి కళ్లెదుట, చూసి మిగతా యూదులు, బర్నబా కూడా, అదే చేశారు. నష్టం బహిరంగం, దిద్దుబాటూ బహిరంగం.

దీనికి ఎదురుగా అపొల్లో సంగతి. మంచి వక్త, లేఖనాల్లో ప్రవీణుడు, కానీ యోహాను బాప్తిస్మం దాకానే తెలుసు. ప్రిస్కిల్ల, అకుల దంపతులు సమాజమందిరంలో లేచి నిలబడలేదు. అతన్ని చేర్చుకుని దేవుని మార్గాన్ని మరింత పూర్తిగా వివరించారు (అపొస్తలుల కార్యములు 18:26). అతనిది చెడ్డ బుద్ధి కాదు, తెలియకపోవడం. తెలియనివాడికి సభలో చెబితే అవమానం, ఇంట్లో చెబితే చదువు. ఇద్దరు కలిసి చెప్పడం, అందులో ఒకరు స్త్రీ కావడం కూడా గమనించాలి.

మన సంఘాల్లో ఈ రెండు దార్లూ కాని మూడో దారి ఒకటి బాగా వాడుకలో ఉంది. ప్రార్థనలో చెప్పడం. "ప్రభువా, ఈ మధ్య కొందరు ఆరాధనకు ఆలస్యంగా వస్తున్నారు, వారిని క్షమించండి" అని కళ్లు మూసుకుని చెబితే కీబోర్డు వాయించే అబ్బాయికి తప్ప ఇంకెవరికీ కాదని అందరికీ తెలుసు. పాస్టరుగారు పుల్పిట్ మీద నుంచి గుచ్చితే పెద్దలు కృతజ్ఞతార్పణ ప్రార్థనలో తిరిగి గుచ్చుతారు. దేవుడితో మాట్లాడే చోటును చాటు చేసుకోవడం కాబట్టి దీనికి జవాబు చెప్పే అవకాశం ఎదుటివాడికి ఉండదు, ఆమేన్ అనాలి. ఈ ఒక్క అలవాటు మానితే సగం పని అయినట్టే. వాట్సాప్ గ్రూపులో పేరు లేకుండా వచనం పెట్టడం కూడా ఇదే కోవలోది.

"అభిషిక్తుణ్ణి ముట్టకూడదు"

పాస్టరుకు ఏదైనా చెప్పబోతే అడ్డం వచ్చే వచనం కీర్తన 105:15. ఆ కీర్తన అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల గురించి, వాళ్లకు హాని చేయవద్దని రాజుల్ని దేవుడు హెచ్చరించడం గురించి. అది పక్కన పెట్టినా, అభిషిక్తుడి మీద చెయ్యి ఎత్తనని అన్న దావీదే ఆ వెంటనే ఏం చేశాడో చదవాలి. 1 సమూయేలు 24, ఏన్గెదీ గుహ. తనను తరుముతున్న రాజు సౌలును చంపలేదు, నిజమే. కానీ ఊరుకోనూ లేదు. బయటికి వచ్చి, వెనక నుంచి కేకేసి, సాష్టాంగపడి, తర్వాత మాట్లాడాడు. పిలుపు "నా యేలినవాడా", కాసేపటికి "నా తండ్రీ". నీకు నేను కీడు చేస్తానని జనం చెప్పే మాటలు ఎందుకు వింటున్నావని అడిగాడు. అంటే సమాచారం ఎక్కడ చెడిందో చూపించాడు. ఆధారంగా చేతిలో వస్త్రపు చెంగు ముక్క. తీర్పు దేవుడికి వదిలాడు. ముట్టకపోవడం వేరు, చెప్పకపోవడం వేరు.

సౌలు ఏడ్చాడు. నువ్వు నాకంటే నీతిమంతుడివి అన్నాడు. దావీదు మాత్రం అతని వెంట ఇంటికి వెళ్లలేదు, కొండ స్థలానికి వెళ్లాడు. రెండధ్యాయాలు తిప్పితే సౌలు మూడువేల మందితో మళ్లీ వేటకు వచ్చి ఉంటాడు. ఫీడ్‌బ్యాక్ విన్న నాయకుడి కళ్లలో నీళ్లు తిరగగానే పని అయిపోయిందని కాగితం మడిచేసే పెద్దలకు ఈ రెండధ్యాయాలూ కలిపి చదివించాలి. ఆరు వారాల తర్వాత ఏం మారిందన్నదే లెక్క.

ఇచ్చే పద్ధతి

ఇప్పుడు అతి మామూలు సందర్భం తీసుకుందాం: సహాయ పాస్టరు ప్రసంగం మీద పెద్ద పాస్టరు గారు మాట్లాడాలి. ఆదివారం నాడే వద్దు. వాక్యం చెప్పి దిగిన మనిషి ఒళ్లు అలసి ఉంటుంది, మనసు తెరిచి ఉంటుంది, ఏ మాటైనా లోపలికి గుచ్చుకుంటుంది. సోమవారం చాలామందికి విశ్రాంతి. మంగళవారం లేదా బుధవారం మంచిది. శుక్రవారం ఉపవాస కూడిక హడావుడి మొదలవకముందే అయిపోవాలి. వారం దాటితే ఇద్దరి జ్ఞాపకాలు రెండు రకాలుగా ఉంటాయి.

అరగంట చాలు. విషయం ఒకటి, మహా అయితే రెండు. మూడోది ఎంత ముఖ్యమైనా వచ్చే నెలకు ఉంచాలి. చోటు, ఆయన భార్యాపిల్లల ముందు కాదు, ఆఫీసు గదిలో మెత్తటి కుర్చీకి ఎదురుగా ఉన్న బల్ల మీద కూడా కాదు. రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒకే ఎత్తువి, పక్కపక్కన కొంచెం ఏటవాలుగా వేసుకుంటే సరిపోతుంది. ఇది చాదస్తంలా అనిపించవచ్చు. సంఘాల్లో చిన్నవాడు నిలబడి, పెద్దాయన కూర్చుని మాట్లాడే అలవాటు ఎంత బలంగా ఉందో తెలిసినవాళ్లకు అనిపించదు.

మొదట ఒక నిమిషం ప్రార్థన. చెప్పబోయే సంగతి అందులో రాకూడదు. తర్వాత ముందుగా అతన్నే అడగాలి: ఆదివారం ఎక్కడ బాగా వచ్చింది, ఎక్కడ జారింది? సగం సందర్భాల్లో పెద్ద పాస్టరు చెప్పబోయేది అతనే చెబుతాడు, ఆపైన పని సులువు. చెప్పకపోతే ఇలా వెళ్లవచ్చు:

"బాబూ, ఆదివారం వాక్యం యాభై అయిదు నిమిషాలు వచ్చింది. మూడో పాయింటు మొదలుపెట్టేసరికి నలభై దాటింది. అప్పటికే వెనక వరసల్లో తల్లులు పిల్లల్ని ఎత్తుకుని బయటికి వెళ్లిపోయారు. ప్రభు భోజనపు బల్ల ఉన్న ఆదివారం కదా, వాళ్లలో కొందరు బల్ల అయ్యాక వచ్చారు. నువ్వు గమనించావా?"

"లేదు అయ్యగారూ. నేను టైము చూసుకోలేదు."

"మూడో పాయింటు అంత అవసరమనిపించిందా?"

"అది నిన్న రాత్రి కలిపింది అయ్యగారూ… అంటే శనివారం రాత్రి."

ఇక్కడ అసలు కారణం బయటపడింది. సమస్య టైము కాదు, శనివారం రాత్రి కలపడం. "వాక్యం పొడుగైపోతోంది, తగ్గించు" అని ఆజ్ఞగా చెప్పి ఉంటే అతను వేగంగా చదవడం మొదలుపెట్టేవాడు. ఒప్పందం చిన్నదిగా, కొలిచేలా ఉండాలి: శుక్రవారం సాయంత్రానికి నోట్సు మూసేయడం, బల్ల ఉన్న ఆదివారం ముప్పై అయిదు నిమిషాలు, నాలుగు వారాలు. ముందు వరసలో ఒకరు ముప్పయ్యో నిమిషంలో పాటల పుస్తకం ఒళ్లోకి తీసుకుంటారు, అదే గుర్తు. ఆ ఒప్పందం డైరీలో ఒక్క వాక్యం, కింద తిరిగి కలిసే తేదీ. రాయకపోతే నెల తర్వాత "నేనలా అనలేదు" వస్తుంది.

అదే సంభాషణ "నీ వాక్యంలో ఈ మధ్య అభిషేకం తగ్గింది" అని మొదలైతే ఏమవుతుందో ఊహించవచ్చు. అది కొలవలేనిది, కాదనలేనిది. విన్నవాడు ఒకటి రెండు రోజులు ఉపవాసం ఉంటాడు, మళ్లీ యాభై అయిదు నిమిషాలు చెబుతాడు.

"అందరూ అనుకుంటున్నారు" అనే మాటను కూడా తీసేయాలి. చెప్పేవాడు తను చూసిందే చెప్పాలి. వేరొకరు చూసిందైతే వాళ్లను వెంటబెట్టుకుని రావాలి. ఒకాయన ఇలా అన్నాడు, పేరు చెప్పొద్దన్నాడు, అనే సమాచారంతో ఏ పాస్టరూ మారలేదు. అందరూ చేసేది ఒకటే, ఆ అన్నవాడెవడో వెతకడం. పెద్ద మీద ఆరోపణ ఇద్దరు ముగ్గురు సాక్షులు లేనిదే తీసుకోవద్దని 1 తిమోతి 5:19 చెప్పడం పాస్టర్లను కాపాడటానికే కాదు, నిజం చెప్పేవాళ్లు ఒంటరిగా మిగిలిపోకుండా ఉండటానికి కూడా. అదే అధ్యాయం మొదటి వచనం వయసు సంగతి చూసుకుంటుంది: పెద్దవాణ్ణి తండ్రిలా భావించి హెచ్చరించమంటుంది. పాతికేళ్ల యూత్ లీడరు అరవై ఏళ్ల కోశాధికారితో లెక్కల గురించి మాట్లాడాల్సి వస్తే, "అంకుల్, ఈ రశీదులు నాకు అర్థం కావడం లేదు, నాతో కూర్చుని ఒకసారి చూపిస్తారా" అనేది నటన కాదు. అలా అడిగితేనే పుస్తకం తెరుచుకుంటుంది.

తీసుకునే పద్ధతి

ఇది కష్టమైన సగం. "వాక్యం ఎలా ఉంది?" అని అడిగేవాడికి జవాబు ముందే తయారుగా ఉంటుంది. అడగాల్సింది ఇరుకైన ప్రశ్న: "ఈ రోజు వాక్యంలో మీకు అర్థం కాని చోటు ఏది?" లేదా "ఇంటికెళ్లాక మీ ఆయనకు ఏమని చెబుతారు?" రెండో ప్రశ్నకు వచ్చే జవాబు ప్రసంగం నిజంగా ఏం చేరవేసిందో చూపిస్తుంది. అడిగేది ఒకే రకం మనుషుల్ని కాకూడదు. ఒక సంఘ పెద్ద, స్త్రీల సమాజం నుంచి ఇద్దరు కలిసి, ఒక కాలేజీ పిల్ల, చదువురాని వృద్ధురాలు ఒకరు. ఆడవాళ్ల మాట సాధారణంగా అమ్మగారి (పాస్టరు గారి భార్య) ద్వారా పాస్టరుకు చేరుతుంది, చేరేసరికి మెత్తబడిపోతుంది. ఇద్దరు కలిసి నేరుగా చెప్పే చోటు ఏర్పాటు చేయాలి, అమ్మగారు ఉంటే మంచిదే.

వినేటప్పుడు కాగితం మీద రాసుకోవడం మంచిది. రాసే చెయ్యి వాదించే నోటిని కొంతసేపు ఆపుతుంది. చెప్పినదాన్ని చెప్పినవాళ్ల మాటల్లోనే తిరిగి చెప్పాలి, తర్వాత వందనాలు చెప్పి లేవాలి. వివరణ ఆ రోజు ఇవ్వకూడదు. వివరణ నిజమే అయినా, మొదటిసారి నోరు విప్పిన మనిషికి అది "ఇంకెప్పుడూ చెప్పకు" అని వినిపిస్తుంది. మర్నాడు తీరిగ్గా ఆ కాగితం చూసుకుని నిజమైనవి, కొంత నిజమైనవి, కానివి విడదీసుకోవాలి. కానివీ ఉంటాయి. నెహెమ్యా తన మీద వచ్చిన పుకారుకు ఇలాంటిదేమీ జరగలేదు, ఇది నువ్వు కల్పించుకున్నదని ఒక్క ముక్కలో జవాబు పంపి యెరూషలేము గోడ పని చూసుకున్నాడు (నెహెమ్యా 6:8). అలాగని రాళ్లు రువ్వే ప్రతివాణ్ణీ తోసేయకూడదు. షిమీ అనేవాడు తనను శపిస్తుంటే, అతని తల తీస్తానన్న తన మనిషి అబీషైని దావీదు ఆపాడు (2 సమూయేలు 16). చెప్పే విధానం చెడ్డదైనా అందులో వినాల్సింది ఉండవచ్చని.

రెండు వారాల్లోపు తిరిగి వెళ్లి, మీరు చెప్పినదాంట్లో ఇది మారుస్తున్నాను, ఇది మార్చడం లేదు, కారణం ఇది అని చెప్పాలి. ఈ ఒక్క అడుగు వేయని పాస్టరుకు రెండోసారి ఎవరూ ఏమీ చెప్పరు.

సహాయ పాస్టరు పైవాళ్లకు చెప్పాలంటే అజరయ్యకున్న నిలబడే చోటు అతనికి కూడా ఇవ్వాలి. సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) లాంటి సంఘాల్లో పాస్టరేట్ కమిటీ, దానిపైన డయాసిస్ (బిషప్పు పరిధిలోని అధ్యక్ష మండలం) ఉంటాయి. బాప్టిస్టుల్లో డీకన్లు (సంఘ పరిచారకులు) ఉంటారు. సొంతంగా లేచిన సంఘాల్లో స్థలం, బిల్డింగు, బ్యాంకు ఖాతా ఒకే కుటుంబం పేరు మీద ఉండటం మామూలే, అక్కడ పై మెట్టు ఉండదు. అలాంటి చోట బయటి సంఘానికి చెందిన ఇద్దరు సీనియర్ పాస్టర్లను ముందే, గొడవలేమీ లేని రోజుల్లోనే, ఇద్దరికీ సమ్మతమైనవాళ్లుగా ఒప్పించి పెట్టుకోవాలి. ఫీడ్‌బ్యాక్ ఇచ్చిన ఆరు నెలల్లోపు సహాయ పాస్టరు జీతం గానీ చోటు గానీ మార్చాలంటే ఆ ఇద్దరికీ తెలియాలని కాగితం మీద ఉండాలి.

ఫీడ్‌బ్యాక్ కాని సంగతులు

సంఘం డబ్బు మాయమవడం, ఆడవాళ్లతో అసభ్యంగా ప్రవర్తించడం, పిల్లలకు హాని జరగడం వంటివి ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని మాట్లాడుకునేవి కావు. మత్తయి 18:15 పేరు చెప్పి బాధితురాలిని ఒంటరిగా అతని దగ్గరికి పంపడం అసలు చేయకూడదు. పిల్లల మీద లైంగిక నేరం తెలిస్తే పోలీసులకు చెప్పడం 2012 పోక్సో చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం తప్పనిసరి. చెప్పకపోతే శిక్ష ఉంది, పాస్టరు అయినా, సంఘ పెద్ద అయినా. సంఘం పరువు, రాజీ, ముందు మనలో మనం మాట్లాడుకుందాం అనేవి ఇక్కడ పనికిరావు.

ఎడిన్‌బరో తర్వాత

ఆ ప్రసంగం మీద మహాసభ ఏ తీర్మానమూ చేసి దూరాన్ని చెరపలేదు. అంత పెద్ద సభ అలాంటి పని చేయలేదు కూడా. వైట్‌హెడ్ చేసింది మాత్రం లెక్కకు వచ్చేది. దేశీయుణ్ణి బిషప్పుగా పెట్టడం తగదని యూరోపియన్ మిషనరీల్లో కొందరూ భారతీయ క్రైస్తవుల్లో కొందరూ అడ్డుచెప్పినా, తన కిందివాణ్ణి తన సాటి కుర్చీలో కూర్చోబెట్టడానికి ఆయన పట్టుబట్టారు. ఫీడ్‌బ్యాక్ విన్న నాయకుడి దగ్గర వెతకాల్సింది అలాంటి పని: ఎవరి చేతికి ఏ అధికారం మారింది, ఎవరు ఏ కమిటీలోకి వచ్చారు, ఎవరి సంతకం ఏ చెక్కు మీద చేరింది.

ఇప్పుడు దొర మిషనరీ లేడు. కానీ అజరయ్య జాబితాను మన సంఘం మీద పెట్టి చూస్తే, ఎవరి ఇంటికి ఎవరు వెళ్తారు, ఎవరి ఇంట్లో ఎవరు అన్నం తింటారు అన్న దగ్గర పేర్లు మారి అదే గీత కనిపిస్తుంది. కులం, పల్లె, చదువు. ఫీడ్‌బ్యాక్ పద్ధతి మొదలుపెట్టే ముందు పెద్దల కమిటీ ఒక గంట కూర్చుని, గత ఏడాదిలో పాస్టరూ పెద్దలూ భోజనం చేసిన విశ్వాసుల ఇళ్లు ఏవో ఒక కాగితం మీద రాయాలి. ఆ జాబితాలో లేని వీధులేవో అప్పుడు తెలుస్తాయి. మొదటి మూడు నెలలు ఆ వీధులకు వెళ్లడానికే పెట్టుకుని, ప్రశ్నలు అడగడం నాలుగో నెలలో మొదలుపెట్టాలి.